ఆరో మంచం పక్క

పిల్లల ఆసుపత్రి, నర్సుల గది నుంచి

బావా,

ఫోన్ చేస్తే "ఆ, ఆ, సరే, ఉంటా" అని పెట్టేస్తావు. మొన్న అక్క ఎలా ఉందని అడిగితే "రేపు పంపిస్తా" అన్నావు. ఎవర్ని పంపిస్తావు, ఎక్కడికి పంపిస్తావు? నా మాట మీద నీకు ధ్యాసే లేదు. అందుకే రాస్తున్నాను. ఇదైనా చివరిదాకా చదువు. అక్కకి చదివి వినిపించు.

మా పిల్లల వార్డు కోసం మీ వీధిలో ఏమైనా పోగుచేసి పంపగలవా? బొమ్మల పుస్తకాలు, రంగు పెన్సిళ్లు, మెత్తని తువ్వాళ్లు, సబ్బులు, ఏవైనా సరే. పాపం కొందరు నెలల తరబడి ఇక్కడే ఉంటారు. ఇచ్చే మనసు చాలామందికి ఉంటుంది, అడిగేవాళ్లే ఉండరు. నువ్వడిగితే నీ నోటికి జడిసైనా ఇస్తారు.

అన్నిటికంటే పెద్ద కష్టం ఇంకోటి ఉంది. కొందరు పిల్లలకి పక్క లేదు. పగలంతా బిక్కమొహం వేసుకుని ఉంటారు. ఆరో మంచం పిల్లని చూస్తే మరీ కడుపు తరుక్కుపోతుంది. దానికోసమైనా ఏదో ఒక దారి చూడు.

డాక్టరుగారు వచ్చారు, లేస్తున్నాను.

నీ మరదలు


పరుపుల కొట్టు నుంచి

మరదలా,

చివరిదాకా చదివాను. రెండుసార్లు చదివాను. మీ అక్కకి చదివితే కళ్లనీళ్లు పెట్టుకుంది. "జబ్బు పిల్లల్ని కటిక మంచం మీద పడుకోబెడతారా" అంది. నాకు కన్నీళ్లు రాలేదు. ఒళ్లు మండింది. అంత ఎత్తు ఆసుపత్రి కట్టినవాళ్లకి పిల్లలకి పక్కలు వేయించాలని తోచలేదా? ఈ ముక్క మీ పెద్ద డాక్టరుకి చదివి వినిపించు. ఎవరు రాశారంటే నన్నే చూపించు. నాకేం భయం లేదు.

వీధంతా తిరిగాను. బట్టల కొట్టాయన గళ్ల గుడ్డ తాను ఇచ్చాడు. ముందు అంచు నలిగిన తాను ఒకటి బయటికి తీశాడు. "నీ మనవడికైతే ఇదే ఇస్తావా" అన్నాను. మంచిది తీశాడు. దూది నాది. పాత దూది కలపలేదు. మిషను మీద నేనే ఏకాను. "ఈ వయసులో నీకెందుకు, పనివాడున్నాడు కదా" అని మీ అక్క విసుక్కుంది. పనివాడు ఏకితే గడ్డలుంటాయి. పసివాళ్ల వీపు కింద గడ్డలుండకూడదు.

పొట్టి పరుపులు, పొట్టి దిండ్లు, పైన గలీబులు. అన్నీ మూటగట్టి బస్సు మీద వేయించాను. ఆరో మంచం పిల్లకి నీలం గళ్లది. దాన్ని వేరుగా కట్టాను. దాని మీద ఎవర్నీ కూర్చోనివ్వకు.

అందాయని రాయి. ఫోన్ మాత్రం చేయకు. ఫోన్లో మాట గాలికి పోతుంది. కాగితం మీదైతే నిలబడుతుంది.

నీ బావ


పిల్లల ఆసుపత్రి నుంచి

బావా,

మూటలు అందాయి. ఎంత బాగా కుట్టావో! చేత్తో తట్టి చూసినవాళ్లందరూ ఎవరు చేశారని అడిగారు. మా బావ అని గొప్పగా చెప్పాను. హాయిగా పడుకుంటున్నారు. నీ చేతికి దండం పెట్టాలి.

ఇక పరుపులు చాలు. నిజంగా చాలు. మళ్లీ దూది ఏకి నడుం నొప్పి తెచ్చుకోకు. ఈసారి పుస్తకాలేమైనా దొరికితే చూడు.

అక్క జాగ్రత్త.

మరదలు


పరుపుల కొట్టు నుంచి

మర్యాదలేని మరదలికి,

చాలన్నావు. మొహమాటానికి అన్నావనుకున్నాను. ఇంకో మూట కుట్టి, చెప్పకుండా నేనే తీసుకుని బుధవారం వచ్చాను. బుధవారం మా వీధిలో కొట్లు కట్టేస్తారు. నీకూ అదే రోజు సెలవని అక్కడికి వచ్చాక తెలిసింది. మనవడిని చూసుకోవడానికి కొడుకింటికి పోయావట. పోయావు కాబట్టి బతికిపోయావు.

గేటు దగ్గర కాపలావాడు నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. వాడి కింద నీలం గళ్ల పరుపు. ఆరో మంచం పిల్ల పరుపు! లేపి కడిగేశాను. వాడు ఏదేదో చెప్పాడు. నేను వినదలచుకోలేదు. పైకి వస్తే ఒక చిన్న నర్సు అడ్డం నిలబడింది. చీటీ మీద రాసి చెప్పమన్నాను. రాసింది. దూది పరుపు వార్డులోకి రాకూడదట. ధూళట. తుడవడానికి వీల్లేదట. మొదటి మూట కూడా లోపలికి పోలేదట.

మరి హాయిగా పడుకుంటున్నది ఎవరే? కాపలావాడా?

మొగుడూ పెళ్లాల గొడవల్లో కూడా నీ అక్క నాతో ఇంత పచ్చి అబద్ధం ఆడలేదు. ఈ వయసులో నన్ను పట్టుకుని చిన్నపిల్లాడిని చేసి ఆడించావు. నా పని చూసుకుంటాను, నీ పని చూసుకో.

ఇంతే.


కొడుకింటి నుంచి

బావా,

తిట్టు. తిట్టించుకోవలసిన పనే చేశాను. కానీ మొత్తం విని తిట్టు.

మూటలు విప్పిన రోజు ఒక్కో పరుపునీ తడిమి చూశాను. అంత చక్కగా, అంత ప్రేమగా కుట్టిన వాటిని వద్దని వెనక్కి పంపడానికి చేతులు రాలేదు. అందుకే వరండాలో తల్లులకి ఇచ్చాను. వాళ్లు కుర్చీల్లో కూర్చునే నిద్రపోతారు. నీ పరుపు మీద నడుం వాల్చిన ఒకావిడ "అమ్మయ్య" అన్న మాట నువ్వు వినాల్సింది. కాపలావాడు ఒకటి కొట్టేశాడు. నీ ఉత్తరం అందాక దాన్ని లాక్కున్నాను.

అసలు తప్పు ఇంకోటి ఉంది. చెబితే నవ్వుతావో, ఇంకా మండిపడతావో. మా వార్డులో "పక్క" అంటే పరుపు కాదు బావా. పక్కన కూర్చునే మనిషి. "ఫలానా మంచానికి పక్క ఉందా?" అంటే, ఆ పిల్ల దగ్గర తల్లో తండ్రో ఎవరైనా ఉన్నారా అని. పొద్దస్తమానం ఆ మాటే మా నోట్లో నానుతుంటుంది కదా, నీకూ అలాగే రాసేశాను. పరుపులవాడికి పక్క లేదని రాస్తే ఏం చేస్తాడు, పరుపులే కుడతాడు! మంచాలూ ఉన్నాయి, వాటి మీద రెగ్జిను పరుపులూ ఉన్నాయి. లేనిది మనుషులు.

ఆరో మంచం పిల్లకి కాలి ఎముకకి చీము పట్టింది. ఆపరేషన్ చేసి కట్టు కట్టారు. తల్లి బట్టలుతికే కార్ఖానాలో పని, సాయంత్రానికి గానీ రాదు. తండ్రి లారీ మీద ఊళ్లు తిరుగుతాడు. పిల్ల చక్కనిది, చురుకైనది. ఒకటే చిక్కు. నోరు మూయదు. అందరూ వాగుడుకాయ అంటారు. సేవ చేస్తామని వచ్చినవాళ్లు దాని దగ్గర ఒక్క పూట కూర్చుని, తలనొప్పి బిళ్ల అడిగి పుచ్చుకుని పోతారు.

బుధవారాలు ఎలాగూ నీ కొట్టు మూసే ఉంటుంది. పోగైన సామాను నువ్వే తెచ్చి పిల్లలకి పంచు. ఆపైన దాని పక్కన కాసేపు కూర్చో. అడిగే మొహం నాకు లేదు. అయినా అడుగుతున్నాను.

నీ మరదలు


పరుపుల కొట్టు నుంచి

మరదలా,

నీ ఉత్తరం చదివి మీ అక్క పడీపడీ నవ్వింది. "పక్కలో మనిషి ఉన్నా పక్కలు కుట్టడమే ధ్యాస" అని నన్ను ఆడిపోసుకుంది. నేను నవ్వలేదు. తెలుగు సరిగ్గా రాయడం నేర్చుకో. నేను మూడో తరగతితో ఆపేశాను, నీకు ఆ వంక కూడా లేదు.

మొన్న బుధవారం వచ్చాను. నీ మాట మీద కాదు. పుస్తకాల కొట్టువాడు సంచీడు పుస్తకాలిచ్చాడు, ఎవరో ఒకరు తేవాలి కదా. బొమ్మల కొట్టావిడ రంగు పెన్సిళ్లు ఇచ్చింది. పదును చేసి ఇవ్వమన్నాను. కూర్చుని అన్నీ చెక్కింది. వార్డులో మంచం మంచానికీ తిరిగి పంచాను. ఒకడు నాలుగు పుస్తకాలు దిండు కింద దాచాడు. చూడనట్టు పోయాను.

ఆరో మంచం దగ్గర స్టూలు వేశారు. కూర్చున్నాను. పిల్ల మొదలుపెట్టింది. మధ్యాహ్నం దాకా చెప్పింది. అన్నం తింటూ చెప్పింది. సూది వేస్తున్నా నాకు చెబుతూనే ఉంది. చేతులు తిప్పుతుంది, కళ్లు తిప్పుతుంది, మధ్యలో పకపకా నవ్వుతుంది. నేను తల ఊపుతూ కూర్చున్నాను. వాగుడుకాయ అన్నారు గానీ నాకేమీ ఇబ్బంది అనిపించలేదు. ఈ కాలం మనుషులకి ఓపిక లేదు, అంతే.

బస్సుకి లేస్తే నా చొక్కా అంచు పట్టుకుంది. మళ్లీ బుధవారం వస్తానని చెప్పాను.

నీ బావ


పిల్లల ఆసుపత్రి నుంచి

బావా,

ఏం మంత్రం వేశావు? నువ్వు రావడం మొదలుపెట్టినప్పటి నుంచీ వాగుడుకాయకి నువ్వు తప్ప ఇంకో లోకం లేదు. "తాత ఒక్కడే నా మాట మొత్తం వింటాడు. మీరందరూ సగంలో గడియారం చూస్తారు" అని మా మొహం మీదే అనేసింది. మా పెద్ద నర్సమ్మ "ఆ ముసలాయనకి ఎంత ఓర్పో, మన మగాళ్లకి ఆయన చేత పాఠాలు చెప్పించాలి" అంటోంది. అక్కకి చెప్పకు, నవ్వి చస్తుంది.

ఒక సంగతి. నొప్పి, జ్వరం లేకుండా ఉంటే త్వరలో ఇంటికి పంపుతామని డాక్టరుగారు దాని ఎదురుగానే అన్నారు. అప్పట్నుంచి రోజూ "నొప్పి లేదు" అంటోంది. మంచిదే. కానీ ఎందుకో నా మనసుకి సరిపోవడం లేదు. నీతో అన్నీ చెబుతుంది కదా. కాలి సంగతి ఏమైనా అంటే నాకు వెంటనే రాయి.

మరదలు


పరుపుల కొట్టు నుంచి

మరదలా,

ఏం అంటుంది, పిల్లల మాటలు. అవన్నీ నీకు మోసుకొస్తే రేపు నన్ను నమ్ముతుందా? నమ్మి చెప్పినవి కడుపులో పెట్టుకోవాలి.

ఈ వారం దర్జీ తువ్వాళ్ల అంచులు కుట్టి ఇచ్చాడు. సబ్బుల కొట్టువాడు వాసన లేని సబ్బులే ఇచ్చాడు, వాసనవి పిల్లలకి పడవట, చిన్న నర్సు రాసి చూపించింది. ఇప్పుడు వీధిలో నేను నడిస్తే జనం తలుపులు వేసుకుంటున్నారని మీ అక్క అంటోంది. వేసుకోనీ. తడతాను.

మొన్న పిల్ల కొంచెం డీలాగా ఉంది. నా చెయ్యి పట్టుకుని చాలాసేపు కూర్చుంది. ఆటలు లేక విసుగు పుట్టి ఉంటుంది.

నీ బావ


పిల్లల ఆసుపత్రి నుంచి

బావా,

నిన్న పిల్లకి జ్వరం పేలిపోయింది. కట్టు విప్పితే మోకాలి కింద మళ్లీ చీము. మళ్లీ ఆపరేషన్ గదికి తీసుకుపోయారు. నొప్పి పుట్టి చాలా రోజులైందని డాక్టరుగారు అన్నారు.

"ఎందుకు చెప్పలేదే తల్లీ" అని అడిగాను. ఏం చెప్పిందో తెలుసా? "తాతకి చెప్పాను. చెబితే ఇంటికి పంపరేమో, ఎవరికి చెప్పాలో నువ్వే చూసి చెప్పు అన్నాను. తాత సరేనని తల ఊపాడు" అంది.

తల ఊపావా బావా? ఆ పిల్ల నీ చేతిలో ప్రాణం పెడితే తల ఊపి, బస్సెక్కి వెళ్లిపోయావా? నేను అడిగాను కూడా. కాగితం మీద అడిగాను. కడుపులో పెట్టుకోవాలని నాకు నీతులు రాశావు. ఏమిటి పెట్టుకున్నావు కడుపులో? చీమునా?

నువ్వు మొరటువాడివని తెలుసు. రాతిగుండెవాడివని అనుకోలేదు. జవాబు రాయి. రాయకపోతే నేనే అక్కడికి వస్తాను.


పరుపుల కొట్టు నుంచి

చెల్లెలిలాంటి మరదలికి,

ఇది రాయడానికి చాలా కాగితాలు చింపాను. మీ అక్క ఎదురుగా కూర్చుంది. రాయకపోతే తనే బస్సెక్కుతానంది.

నాకు చెవులు వినపడవు.

దూదేకే మిషను దగ్గర జన్మంతా నిలబడ్డ చెవులు. ముందు ఎడమది పోయింది. కుడిదానితో నెట్టుకొచ్చాను. ఇప్పుడు అదీ అంతే. చెవిలో నోరు పెట్టి అరిస్తే ఏదో అందుతుంది. లేకపోతే పెదాలు చూసి పోల్చుకోవాలి. మీ అక్కకి ఒక్కదానికే తెలుసు. బయట ఎవరికీ చెప్పొద్దని ఒట్టు పెట్టించుకున్నాను. చెవిటి మేళం అని వీధిలో పిల్లకాయలు కూడా నవ్వుతారు. ఫోన్ వద్దన్నది అందుకే. చీటీ మీద రాయించుకున్నది అందుకే.

పిల్ల చెప్పినవి ఒక్కటీ నాకు వినపడలేదు. ముఖం చూస్తూ కూర్చున్నాను. అది నవ్వితే నవ్వాను. కనుబొమలు ఎగరేస్తే నేనూ ఎగరేశాను. మోసం చేస్తున్నానని అనిపించలేదు. ఆ స్టూలు మీద కూర్చుంటే నాకు ఎంత బాగుండేదో నీకెలా చెప్పను. నాతో ఎవరూ అన్ని మాటలు మాట్లాడి చాలా కాలమైంది.

ఆ రోజు మాత్రం దాని ముఖం వేరుగా ఉంది. దగ్గరికి వంగింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఏదో చెప్పింది. పెదాలు కనపడలేదు. ఇంకోసారి చెప్పమ్మా అంటే చెవుడని తెలిసిపోతుంది. అందుకని తల ఊపాను. రోజూ ఊపినట్టే.

నా పరువు కోసం పిల్ల కాలు పణంగా పెట్టాను. ఇక అక్కడికి రాలేను. పోగైన సామాను బస్సు మీద వేస్తాను. దాన్ని బాగా చూసుకో.


పిల్లల ఆసుపత్రి నుంచి

బావా,

"అక్క ఎలా ఉంది" అంటే "రేపు పంపిస్తా" అన్న రోజే నాకు తెలియాలి. ఇన్నేళ్లు నర్సు పని చేసి, ఇంట్లో మనిషి చెవులు పోతే పొగరనుకున్నాను. నిన్ను అన్న మాటలన్నీ వెనక్కి తీసుకోవడం చేతకాదు. కొన్ని తీసుకుంటాను, కొన్ని ఉంచుతాను.

కాలు నిలబడుతుంది. ఆ భయం పెట్టుకోకు. భయం ఇంకోచోట ఉంది. పిల్ల మాట్లాడటం లేదు. వాగుడుకాయ మాట్లాడటం లేదు బావా! ఎక్కడ నొప్పి అంటే గోడ వైపు తిరుగుతుంది. "తాతకి చెప్పినా ఏమీ కాలేదు" అని వాళ్లమ్మతో అందట. నొప్పి ఎక్కడో అది చెప్పకపోతే లోపల మళ్లీ ఏం రాజుకుంటోందో మాకు తెలిసేదెలా?

నీ చెవుల సంగతి నేను చెప్పలేదు. చెప్పను కూడా. అది నా నోటితో చెప్పేది కాదు. బుధవారం వస్తావో, రావో నీ ఇష్టం. రాకపోతే తాత విని కూడా ఊరుకున్నాడనే అది నమ్ముతుంది. ఎప్పటికీ.

మరదలు


ఆరో మంచం దగ్గర నుంచి, బుధవారం

మరదలా,

ఇది నీ బల్ల సొరుగులో పెట్టి పోతున్నాను. రేపు పొద్దున్నే చూసుకో.

వచ్చాను. పిల్ల గోడ వైపు తిరిగి ఉంది. సంచీ కింద పెట్టి, చుట్టూ తిరిగి, గోడకీ మంచానికీ మధ్య సందులో దూరి, దాని ముఖానికి ఎదురుగా నిలబడ్డాను. "నాకు చెవుడమ్మా" అన్నాను. మెల్లగానే అన్నాననుకున్నాను. నా గొంతు ఎంత పైకి పోతుందో నాకు తెలియదు కదా. వార్డు మొత్తం నా వైపు తిరిగింది. చిన్న నర్సు చేతిలో సీసా అలాగే ఉండిపోయింది. సరే, చెప్పింది ఎలాగూ చెప్పాను, మొత్తం చెప్పాను. నువ్వు చెప్పినవి ఒక్కటీ వినపడలేదు, కాలి సంగతీ వినపడలేదు, సిగ్గుపడి తల ఊపాను అన్నాను.

పిల్ల నా చెవుల వైపు చూసింది. తర్వాత లేచి కూర్చుని, నా కుడి చెవి పట్టుకుని లాగి, అందులో నోరు పెట్టి అరిచింది. "ఒక్కటీ వినలేదా?"

"లేదమ్మా."

"నీ చొక్కా తిరగేసి తొడుక్కున్నావని మొదటి రోజే చెప్పాను! అదీ వినలేదా?"

మరదలా, నిజంగానే చెప్పిందట. నేను పెద్దమనిషి తరహాలో తల ఊపానట. సాయంత్రం దాకా కుట్లన్నీ బయటికి పెట్టుకుని కూర్చున్నానట. అలాగే బస్సెక్కాను. అలాగే వీధిలో నడిచాను. మీ అక్క చూసి కూడా చెప్పలేదు. ఇంటికి పోయి తన సంగతి చూస్తాను. వార్డులో పిల్లలంతా పగలబడి నవ్వారు. వాళ్లతోపాటు అదీ నవ్వింది. నాకు కోపం వస్తుందనుకున్నాను. రాలేదు.

నవ్వి నవ్వి ఆగింది. ఆ తర్వాత దాని ముఖం మారింది. మళ్లీ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది, ఏదో అంది.

"వినపడలేదు" అన్నాను.

మళ్లీ అంది. ఈసారి చెవి దగ్గరే, కానీ ఊపిరి తగిలింది గానీ మాట తగల్లేదు.

"వినపడలేదమ్మా. గట్టిగా చెప్పు."

నర్సు వైపు చూసింది. తలుపు వైపు చూసింది. నా వైపు చూసింది. నేను తల ఊపలేదు. చెవి దాని నోటికి ఆనించి అలాగే ఉన్నాను. గట్టిగా ఊపిరి పీల్చుకుని అరిచింది చూడు.

"మడమ దగ్గర నొప్పి!"

నర్సు పరుగెత్తుకొచ్చింది. డాక్టరొచ్చాడు. కట్టు విప్పారు. నేను పక్కకి తప్పుకోబోతే పిల్ల నా వేలు వదల్లేదు. చీము లేదట. కట్టు బిగుసుకుపోయి మడమ ఒరుసుకుపోయిందట. ఇంకో రెండు రోజులు చెప్పకపోతే పుండు పడేదట. నర్సు చీటీ మీద రాసి చూపించింది. ఇంటికి పంపడానికి దీనితో ఏమీ అడ్డం లేదని కూడా రాయమన్నాను. రాసింది. అది పిల్లకి చూపించాను.

ఇప్పుడు నిద్రపోతోంది. అరిచి అరిచి అలిసిపోయింది. పడుకునే ముందు ఒక షరతు పెట్టింది. ఇన్ని వారాలు చెప్పినవన్నీ మొదటి నుంచి మళ్లీ చెప్పాలట, రేపు కూడా రావాలట. రేపు కొట్టు తెరవను. వార్డులో ఇంత గోల ఏమిటని మీ పెద్ద నర్సమ్మ కసిరితే, తాతకి చెవుడు, ఇలాగే చెప్పాలి అని నువ్వు చెప్పు. లేదా నేనే చెబుతాను, అందరికీ చెబుతాను.

ఆ ఒక్క మాటకి నా చెవి ఇంకా గుయ్యిమంటోంది మరదలా. ఒక మాట అంత లోపలికి వెళ్లి ఎన్నాళ్లయిందో.

నీ బావ